గేరు పడకపోతే గేరుబాక్సే చెడిందా?



ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీ ఊరి బస్టాండు దగ్గర ఒక కారు ఆగిపోయింది. ఇంజను చక్కగానే తిరుగుతున్నది. కాని డ్రైవరు క్లచ్చి తొక్కి గేరు వేయబోతే గేరు పడడం లేదు. కర్రుమని చప్పుడు వస్తున్నది. చుట్టూ నలుగురు చేరారు. ఒకాయన "గేరుబాక్సు పోయింది" అన్నాడు. ఇంకొకాయన "క్లచ్చి ప్లేటు అరిగిపోయింది" అన్నాడు. మూడో ఆయన "ఈ బండ్లన్నీ ఇంతే" అని తేల్చేశాడు. వీరిలో ఎవరు చెప్పింది సరైన జవాబు?

ఎవరిదీ కాదంటాను నేను. వారిలో ఒకరి మాట చివరకు నిజమే కావచ్చు. అయినా అది జవాబు కాదు, ఊహ మాత్రమే. ఊహకూ, నిర్ధారణకూ మధ్య ఒక పరీక్ష ఉండాలి. ఆ పరీక్షను ఆలోచించి చేసే అలవాటును మన బడుల్లో తగినంతగా నేర్పడం లేదు. నేర్పి తీరాలన్నదే నా అభిప్రాయం. ఇది ఎవరినో తప్పుపట్టడానికి రాస్తున్నది కాదు. ఒకనాడు ఆ నలుగురిలో నేనూ ఒకడిని.

రామభద్రపురం కూడలిలో

2018లో జరిగిన సంగతి ఇది. అప్పుడు నేను సాలూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. అప్పటికి సాలూరు ఇంకా విజయనగరం జిల్లాలోనే ఉండేది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. జిల్లా సైన్సు ప్రదర్శన కోసం ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలను వెంటబెట్టుకుని, అద్దె కారులో విజయనగరం బయలుదేరాను. కారు వెనక భాగంలో పిల్లల నమూనా ఉంది. ఏ సైన్సు ప్రదర్శనకు వెళ్లినా కనిపించేదే అది: ఇంజెక్షను సిరంజిలు, ప్లాస్టిక్ గొట్టం, నీళ్లు, అట్టముక్కలతో చేసిన బరువులెత్తే యంత్రం. పాస్కల్ సూత్రానికి ఉదాహరణ.

రామభద్రపురం కూడలికి వచ్చేసరికి డ్రైవరు బండి ఆపాడు. మళ్లీ బయలుదేరుదామంటే గేరు పడలేదు. రెండుసార్లు, మూడుసార్లు బలవంతాన నెట్టాడు. పళ్లు కొరికినట్టు చప్పుడే తప్ప ఫలితం లేదు. "గేరుబాక్సు పోయినట్టుంది బాబూ" అన్నాను నేను, తెలిసినవాడిలాగా. ఆ మాటతో అతని ముఖం పాలిపోయింది. కారు అప్పు మీద కొన్నది. పది రోజుల కిందటే ఇదే తంటా వస్తే, ఒక షెడ్డులో గేరుబాక్సు దింపించి, ఆరు వేల రూపాయలు ఇచ్చి వచ్చాడట. "పిల్ల ఫీజుకి దాసిన డబ్బులు మాస్టారూ, మళ్లీ ఎక్కడ తెచ్చీది?" అన్నాడు.

పక్కనే చిన్న షెడ్డు. అందులోంచి ఒక పెద్దాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. స్పానరు కూడా తేలేదు. వచ్చీరాగానే ఒక ప్రశ్న వేశాడు.

"గేరు పడతం లేదా, పడినాక బండి లాగతం లేదా?"

"పడతం లేదు" అన్నాడు డ్రైవరు.

"ఇంజిను ఆపీసి ఎయ్యి సూద్దాం."

ఇంజను ఆపాడు. గేర్లు అన్నీ, వెనక్కి పోయే గేరుతో సహా, వెన్నలో కత్తి దిగినట్టు పడ్డాయి.

"గేరుబాక్సుకి ఏటీ అవలేదు. ఇప్పుడు నూట్రల్లో పెట్టి ఇంజిను ఏసి, క్లచ్చి అయిదారు సార్లు గబగబా తొక్కు. ఆకర్ని నొక్కి పట్టుకొని గేరెయ్యి."

గేరు పడింది! పెద్దాయన బానెటు ఎత్తి, క్లచ్చి ద్రవం ఉండే చిన్న డబ్బా చూపించాడు. అందులో ద్రవం అడుక్కు చేరి ఉంది. కింద క్లచ్చి సిలిండరు చుట్టూ తడి. లోపలి రబ్బరు వాషరు అరిగి, ద్రవం కొంచెం కొంచెంగా కారిపోతున్నది. వాషర్ల కిట్టు మార్చి, బ్రేకాయిలు పోసి, గొట్టంలోని గాలిని తీసేయడానికి ఒక గంట కూడా పట్టలేదు. ఖర్చు కొన్ని వందల రూపాయలు.

"మరి పది రోజుల కిందట గేరుబాక్సు దింపినప్పుడు బాగైంది గదా?" అని నేను అడిగాను. పెద్దాయన నవ్వాడు. "బిగించినాక ఆయిలు కూడా పోసుంటారు మాస్టారూ. అది కారిపోయేవరకు నడిచుంటాది."

అప్పుడు మా తొమ్మిదో తరగతి అమ్మాయి మెల్లగా అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే. "సార్, మన సిరంజిలోకి గాలి పోతే అట్ట లేవదు కదా, ఇదీ అంతేనా?"

అంతే. పాతికేళ్లుగా పాస్కల్ సూత్రం చెబుతున్నాను. ఆ సూత్రం నా కాళ్ల ముందే పనిచేయకుండా ఆగిపోతే గుర్తుపట్టలేకపోయాను.

లోపల జరిగేది ఏమిటి?

ఆ పెద్దాయన ప్రశ్నలు ఎంత తెలివైనవో తెలియాలంటే, క్లచ్చి చేసే పని ముందు తెలియాలి.

బండి నిలిచి ఉన్నప్పుడు కూడా ఇంజను నిమిషానికి సుమారు 800 సార్లు తిరుగుతుంటుంది. చక్రాలు మాత్రం కదలవు. గేరు వేయడమంటే తిరిగే భాగాన్నీ, నిలిచి ఉన్న భాగాన్నీ పళ్లతో కలపడమే. తిరిగే రంగులరాట్నం మీదికి నేల మీద నిలబడి ఒక్కసారిగా ఎక్కబోతే ఏమవుతుంది? విసిరికొడుతుంది. రాట్నం ఆగితే నిశ్చింతగా ఎక్కవచ్చు. గేరు పళ్లకూ ఇదే న్యాయం. అందుకే గేరు వేసేముందు ఇంజనుకూ, గేరుబాక్సుకూ ఉన్న సంబంధాన్ని కాసేపు తెంచాలి. ఆ పని చేసేదే క్లచ్చి. సంబంధం తెగాక కూడా మిగిలిన కొద్ది వేగభేదాన్ని సింక్రో అనే ఇత్తడి ఉంగరం ఘర్షణతో సరిచేస్తుంది. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లతో ఈ ఏర్పాటు వాడుకలోకి వచ్చింది. అంతకుముందు డ్రైవర్లు ఆ వేగాలను చెవితో విని, కాలితో సరిచేసుకోవలసి వచ్చేది.

ఇప్పుడు మొదటి పరీక్ష అర్థమవుతుంది. ఇంజను ఆపితే రెండు వైపులా కదలిక లేదు. అప్పుడు గేరు వేయడానికి క్లచ్చితో పనే లేదు. ఆ స్థితిలో గేర్లన్నీ సులువుగా పడ్డాయంటే గేరు రాడ్డు, లోపలి ఫోర్కులు, పళ్లు తమ పని తాము చేస్తున్నాయన్న మాట. ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రమే ఏ గేరూ పడడం లేదంటే క్లచ్చి పూర్తిగా విడిపోవడం లేదన్న మాట. ఇంజను ఆపినా గేరు పడకపోతే, అప్పుడు గేరు రాడ్డును, దాని కీళ్లను, ఆ తరువాత గేరుబాక్సును అనుమానించాలి. రోడ్డు మీద పోతుండగా ఒకే ఒక్క గేరు మొరాయిస్తే ఆ గేరు సింక్రోను అనుమానించాలి.

పెద్దాయన అడిగిన తొలి ప్రశ్న ఇంకా ముఖ్యం. గేరు పడకపోవడం వేరు, గేరు పడి ఇంజను అరుస్తున్నా బండి లాగకపోవడం వేరు. మొదటిదానిలో క్లచ్చి విడిపోవడం లేదు. రెండోదానిలో సాధారణంగా క్లచ్చి పట్టుకోవడం లేదు, ప్లేటు అరిగి జారిపోతున్నది. రెండూ ఒకదానికొకటి వ్యతిరేకమైన జబ్బులు. బయటివాళ్లు మాత్రం రెంటినీ కలిపి "గేరు ట్రబులు" అనేస్తారు. జబ్బు పేరు తప్పుగా చెబితే మందూ తప్పుగానే పడుతుంది.

ఒక చిన్న లెక్క

పాదంతో తొక్కితే ఎక్కడో ఉన్న క్లచ్చి ఎలా విడిపోతుంది? కొన్ని కార్లలో ఉక్కు కేబులు లాగుతుంది. ఒకప్పుడు మన రోడ్ల నిండా తిరిగిన మారుతి 800 కారులో అదే ఏర్పాటు. కేబులు సాగినా, పోగులు తెగినా గేరు పడదు. చాలా కార్లలో కేబులుకు బదులు ద్రవం ఉంటుంది. ఇక్కడే ఫ్రాన్సు శాస్త్రవేత్త బ్లెయిజ్ పాస్కల్ (1623-1662) మనకు తోడు వస్తాడు. మూసి ఉన్న ద్రవం మీద ఒక చోట కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుంది.

లెక్క సులువుగా ఉండేందుకు కొన్ని అంకెలు అనుకుందాం. పెడలు దగ్గరి పిస్టన్ వైశాల్యం 2 చదరపు సెంటీమీటర్లు. క్లచ్చి దగ్గరి పిస్టన్ వైశాల్యం 3 చదరపు సెంటీమీటర్లు. పెడలు తొక్కితే మొదటి పిస్టన్ 3 సెంటీమీటర్లు కదిలిందనుకోండి. అది నెట్టిన ద్రవం 2 × 3 = 6 ఘనపు సెంటీమీటర్లు. ఆ ద్రవమంతా రెండో పిస్టన్‌ను నెడితే అది 6 ÷ 3 = 2 సెంటీమీటర్లు కదులుతుంది. క్లచ్చి పూర్తిగా విడిపోవడానికి 1.8 సెంటీమీటర్లు చాలనుకుందాం. అంతా సవ్యంగా ఉంది.

ఇప్పుడు గొట్టంలో గాలి బుడగ చేరింది. ద్రవాలు పిండితే దాదాపు కుదించుకుపోవు, గాలి కుదించుకుపోతుంది. మనం నెట్టిన 6 ఘనపు సెంటీమీటర్లలో 2 ఆ బుడగను నొక్కడానికే ఖర్చయ్యాయనుకోండి. మిగిలింది 4. రెండో పిస్టన్ కదిలేది 4 ÷ 3, అంటే సుమారు 1.3 సెంటీమీటర్లు. కావలసింది 1.8. క్లచ్చి సగం విడిపోయి, సగం అంటుకునే ఉంటుంది. గేరు పళ్లు కర్రుమంటాయి. చూశారా? కొద్దిపాటి ద్రవం తేడా కారును నిలిపేసింది! పెడలును గబగబా తొక్కితే గేరు ఎందుకు పడిందంటే, ప్రతి తొక్కుకూ డబ్బాలోంచి మరికొంచెం ద్రవం గొట్టంలోకి చేరి ఆ లోటును తాత్కాలికంగా పూడ్చింది.

దీన్ని మీరే చేసి చూడవచ్చు. మందుల షాపులో రెండు కొత్త సిరంజిలు కొని, సూదులు లేకుండా తీసుకోండి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. సన్నని ప్లాస్టిక్ గొట్టంతో రెంటినీ కలిపి, గాలి లేకుండా నీళ్లు నింపండి. చిన్నదాన్ని నొక్కినప్పుడు పెద్దది ఎంత కదిలిందో స్కేలుతో కొలవండి. తరువాత గొట్టంలోకి కావాలనే కొంచెం గాలి పోనిచ్చి, పెద్ద సిరంజి పిస్టన్ మీద ఒక పుస్తకం పెట్టి మళ్లీ కొలవండి. మీ చేతిలో ఉన్నది క్లచ్చి, దానికి వచ్చినది రామభద్రపురం జబ్బు.

ప్రశ్నలు ఎన్ని కావాలి?

గేరు పడకపోవడానికి ఎనిమిది కారణాలు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క భాగాన్నీ విప్పి చూస్తూపోతే ఎనిమిదిసార్లు విప్పాల్సి రావచ్చు. కాని అనుమానాలను సగానికి సగం చీల్చే ప్రశ్న దొరికితే ఎనిమిది నాలుగవుతాయి, నాలుగు రెండవుతాయి, రెండు ఒకటవుతుంది. మూడు ప్రశ్నలు చాలు. 64 అనుమానాలున్నా ఆరు ప్రశ్నలే. ఆ పెద్దాయన సరిగ్గా మూడు ప్రశ్నలే అడిగాడు. మొదటి రెంటికి పైసా ఖర్చు కాలేదు, ఒక్క నట్టు కూడా విప్పలేదు. ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చయ్యేది తరువాత. ఇది ఆయన పెట్టుకున్న క్రమం.

అంతకుముందు జరిగిన పని ఎందుకు తప్పిందో కూడా ఆలోచించండి. గేరుబాక్సు విప్పి బిగించారు, వెంటనే ఆయిలూ పోసి ఉంటారు. రెండు మార్పులు ఒక్కసారే చేస్తే, దేనివల్ల బాగైందో ఎవరు చెప్పగలరు? ఒకసారి ఒక్కటే మార్చి చూడాలని మీ ప్రయోగాల పుస్తకం చెబుతుంది. ఆ నియమం పాటించనందుకు ఒక డ్రైవరు కూతురి ఫీజు డబ్బు పోయింది.

డబ్బు ఒక్కటే కాదు, ప్రాణం సంగతీ ఉంది. సాలూరు లారీలకు పేరు పొందిన ఊరు. ఒకప్పుడు 43వ నంబరుగా ఉండి ఇప్పుడు 26వ నంబరుగా పిలుస్తున్న జాతీయ రహదారి ఆ ఊరి మీదుగా ఒడిశా కొండల్లోకి ఎక్కుతుంది. బరువుతో ఆ ఘాటు దిగే లారీ తక్కువ గేరులోనే దిగాలి. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. మలుపు దగ్గర గేరు తీశాక మళ్లీ పడకపోతే భారమంతా బ్రేకుల మీదే. అవి వేడెక్కితే పట్టు తగ్గిపోతుంది. "గేరు కొంచెం బిగువుగా ఉంది, బలంగా నెడితే పడుతుందిలే" అని బయలుదేరడం ఎంత ప్రమాదమో ఇప్పుడు చెప్పనక్కరలేదు.

ఎదురు వాదనలు

ఈ మాటలు మా ఉపాధ్యాయ మిత్రుల దగ్గర చెప్పినప్పుడు మూడు అభ్యంతరాలు విన్నాను.

"ఇది మెకానిక్కు పని, మన పని కాదు" అన్నారు ఒకరు. బండి బాగుచేయడం మెకానిక్కు పనే. అనుమానాన్ని పరీక్షతో తేల్చుకోవడం మాత్రం అందరి పనీ. జ్వరం వచ్చిన మనిషి దగ్గర డాక్టరు చేసేదీ, నీళ్లు రాని బోరు దగ్గర రైతు చేయవలసిందీ ఇదే.

"ఇప్పుడు కంప్యూటరు పెట్టి చూస్తే తప్పు అదే చెబుతుంది, కొత్త కార్లకు క్లచ్చి పెడలే లేదు" అన్నారు ఇంకొకరు. నిజమే. కాని ఆటోమేటిక్ గేరు ఉన్న కారూ కొన్నిసార్లు కదలనంటుంది. వాటిలో చాలావాటికి బ్రేకు తొక్కితేనే గేరు మీట కదిలే తాళం ఉంటుంది. బ్రేకు తొక్కారన్న సంగతి ఆ తాళానికి ఒక చిన్న స్విచ్చి ద్వారా తెలుస్తుంది. చాలా కార్లలో వెనక బ్రేకు లైటును వెలిగించేదీ ఆ స్విచ్చే. మరి మీట కదలకపోతే మొదట అడగవలసిన ప్రశ్న ఏది? "బ్రేకు తొక్కితే వెనక లైటు వెలుగుతున్నదా?" యంత్రం మారింది, పద్ధతి మారలేదు. కంప్యూటరు ఒక ఆధారాన్ని ఇస్తుంది, తీర్పు మాత్రం మనమే చెప్పాలి.

"సిలబసే పూర్తికాదు, దీనికి తీరిక ఎక్కడ?" అన్నది మూడో అభ్యంతరం. ఇది బరువైన మాటే, నేను కొట్టిపారేయను. నేను అడుగుతున్నది కొత్త పాఠం కాదు. నెలకు ఒక్క పీరియడు. వెలగని టార్చిలైటు, చైను జారే సైకిలు, గాలి నిలవని పంపు, ఏదో ఒకటి బల్ల మీద పెట్టి, విప్పకుండా ఎన్ని ప్రశ్నలలో తప్పు పట్టుకోగలరో పిల్లలను అడగాలి. జవాబు తప్పైనా, మంచి పరీక్ష ఆలోచించినవారికి మార్కులు వేయాలి. మన ప్రశ్నపత్రాలు "పాస్కల్ సూత్రమును నిర్వచింపుము" అని అడుగుతాయి. "ఈ యంత్రములో పాస్కల్ సూత్రము ఎక్కడ విఫలమైనది, ఎట్లు తెలుసుకొందువు?" అని కూడా అడగాలి. నేను మా తరగతిలో ఆ ఏడాది నుంచే మొదలుపెట్టాను. మార్కులలో వెనకబడిన కొందరు పిల్లలు ఈ ప్రశ్నల్లో ముందుంటున్నారు. వాళ్లు వెనకబడినవాళ్లు కారని, మనం వాళ్లను అడగవలసింది అడగలేదని నాకు అప్పుడు తెలిసింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మీరు బండి కిందికి దూరవద్దు, పెద్దలు లేకుండా ఇంజను వేయవద్దు, బ్రేకాయిలును చేత్తో తాకవద్దు, అది విషం. ప్రశ్నలు అడగడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఆ రోజు మేము ప్రదర్శనకు ఆలస్యంగా చేరాము. పిల్లలకు బహుమతి రాలేదు. న్యాయనిర్ణేత "ఈ సూత్రం నిత్యజీవితంలో ఎక్కడ ఉపయోగపడుతుంది?" అని అడిగినప్పుడు, మా అమ్మాయి పుస్తకంలోని జవాబు చెప్పలేదు. "ఇవాళ పొద్దున రామభద్రపురంలో పనిచెయ్యలేదండి" అని మొదలుపెట్టి, ఎందుకు పనిచేయలేదో చెప్పింది. నా దృష్టిలో ఆ ఏటి సైన్సు పాఠం అదే.

మీ ఇంట్లో పనిచేయకుండా మూల పడి ఉన్న వస్తువు ఏది? దాన్ని విప్పకముందు మీరు అడగబోయే మొదటి ప్రశ్న ఏమిటి? కాగితం మీద రాసి, రేపు మీ సైన్సు మాస్టారుకు చూపించండి.